ఊరంతా తాగింది... ఊరంతా మానింది!

నాలుగొందల మంది ఉండే ఊరు. తాగని మనిషి కనపడేవాడు కాదు. ఓ ఏడేళ్ల పాప ‘నేను ఇంటికి రాను’ అని మొండికేసిన రోజున అక్కడ మొదలైన మార్పు, తాగుడు వైద్యానికే ఓ పాఠమైంది. కెనడాలోని ఆల్కలీ లేక్ కథ ఇది.

చుట్టూ గడ్డి కొండలు. వాటి మీద అక్కడక్కడా ఫర్ చెట్లు. మధ్యలో ఓ చెరువు. చెరువు పైనున్న కొండవాలు మీద దూరానికి కూడా కనిపించే తెల్లటి మచ్చ. కొత్తవాళ్లు మంచు అనుకుంటారు. మంచు కాదు, చౌడు. ఆ మచ్చ వల్లే ఆ చోటికి ఆల్కలీ లేక్ అనే పేరొచ్చింది. తెలుగులో చెప్పాలంటే, చౌడు చెరువు.

ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆ పేరును కాస్త మార్చి పిలిచేవారు... ‘ఆల్కహాల్ లేక్’ అని. అందులో వెటకారం ఉంది. నిజమూ ఉంది. 1970 నాటికి ఆ ఊళ్లో దాదాపు పెద్దవాళ్లంతా తాగుడుకు బానిసలే.

మైళ్ల పేర్ల దారిలో...

కెనడా పశ్చిమ తీరంలోని వాంకోవర్ నుంచి బయల్దేరితే ఆల్కలీ లేక్ చేరడానికి ఓ పగలంతా పడుతుంది. ఫ్రేజర్ నదిని ఆనుకుని, లోయల అంచుల మీదుగా సాగే దారి అది. కాష్ క్రీక్ దగ్గరికి వచ్చేసరికి దట్టమైన అడవులు పలచబడి ఎండు కొండలూ సేజ్ పొదలూ మొదలవుతాయి. ఆ పైన ఊళ్ల పేర్లు విచిత్రంగా ఉంటాయి. ఒకటి హండ్రెడ్ మైల్ హౌస్. ఇంకొకటి హండ్రెడ్ ఫిఫ్టీ మైల్ హౌస్! 1860లలో బంగారం కోసం జనం ఈ దారినే ఉత్తరానికి పరుగులు తీశారు. లిల్లూయెట్ అనే ఊరి నుంచి మైళ్లు లెక్కగట్టి, బాటసారుల కోసం మన సత్రాల్లాంటివి కట్టారు. తర్వాత ఆ సత్రాల పేర్లే ఊళ్ల పేర్లయ్యాయి.

వాంకోవర్‌కి దాదాపు 550 కిలోమీటర్ల దూరంలో విలియమ్స్ లేక్ పట్టణం వస్తుంది. కౌబాయ్‌ల పోటీలకు పెట్టింది పేరు. అక్కడి నుంచి డాగ్ క్రీక్ రోడ్డు పట్టుకుని దక్షిణంగా మరో 50 కిలోమీటర్లు వెళ్తే ఆల్కలీ లేక్. ఇది షుస్వాప్ ఆదివాసీల ఊరు. వాళ్ల భాషలో దీని పేరు ఎస్కెత్. పక్కనే 1861లో మొదలైన పశువుల క్షేత్రం ఉంది. బ్రిటిష్ కొలంబియా ప్రావిన్సులో అతి పాతవాటిలో అదొకటి.

ఒకప్పుడు ఈ ఊరు తాగుడుకు కాదు, ఆటకు పేరు మోసింది. పశువులు కాసుకునే కుర్రాళ్లే జట్టుకట్టి ఐస్ హాకీ ఆడేవారు. 1930లలో వాంకోవర్ దాకా వెళ్లి అక్కడి జట్టుతో తలపడి వచ్చారు.

అలాంటి ఊళ్లోకి 1940ల నుంచి సారా ఏరులా వచ్చి పడింది. వచ్చిన డబ్బులన్నీ దానికే. చలికాలంలో తాగి దారిలో పడిపోయి, తెల్లారేసరికి మంచులో బిగుసుకుపోయినవాళ్లున్నారు. తల్లిదండ్రులు తాగుతుంటే ఆకలితో, భయంతో మూలన నక్కిన పిల్లలున్నారు.

‘ఇంటికి రాను’

1972, వేసవి. ఫిలిస్ చెల్సీ, ఆండీ చెల్సీ దంపతులు ఆ ఊరివాళ్లే. అందరిలాగే తాగేవాళ్లే. ఆ రోజుల్లో తాగాలనుకున్నప్పుడు పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలేసి వెళ్లేవారు. ఓ రోజు ఫిలిస్ పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చారు. ఏడేళ్ల కూతురు కదల్లేదు. అమ్మా నాన్నా బాగా తాగుతున్నారు కాబట్టి ఇంటికి రానంది.

అంతే! ఆ మాట ఆ తల్లికి గుచ్చుకుంది. ఆ రోజుతో ఫిలిస్ తాగుడు మానేశారు. కొద్ది రోజులకే ఆండీ కూడా మానేశారు.

నాలుగొందల మందిలో ఇద్దరు! వినడానికి బాగుంటుంది గానీ, బతకడం కష్టం. నిన్నటిదాకా కలిసి తాగిన స్నేహితులు తలుపు తట్టడం మానేశారు. చుట్టాలు ముఖం చాటేశారు. మద్యం మానాలనుకునేవారి కోసం వారానికోసారి ఊళ్లో సమావేశం పెడితే, చాలాకాలం వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అయినా సమావేశం ఆగలేదు.

కొంతకాలానికి ఊరు ఆండీని చీఫ్‌గా ఎన్నుకుంది. ఆయన ముందుగా సారా వచ్చే దారుల మీద పడ్డారు. పట్నం నుంచి సరుకులతోపాటు సీసాలూ మోసుకొచ్చే బండిని ఊళ్లోకి రానివ్వలేదు. దొంగచాటుగా అమ్మేవాళ్లను పోలీసులతో పట్టించారు. వాళ్లలో సొంత బంధువులూ ఉన్నారు. ప్రభుత్వం ఇచ్చే భృతి నగదుగా చేతికొస్తే సీసాకే పోతోందని, దాని బదులు తిండికీ బట్టకీ పనికొచ్చే చీటీలు ఇప్పించారు. తాగి నేరం చేసినవాళ్లకు రెండు దారులు చూపించారు... జైలుకు వెళ్లు, లేదా చికిత్సకు వెళ్లు. ఆండీకి బెదిరింపులు వచ్చాయి. వెనక్కి తగ్గలేదు.

ఇక్కడిదాకా చదివితే మనవాళ్లకు దూబగుంట గుర్తుకొస్తుంది. 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్లు కొంగు బిగించి సారా దుకాణాలు మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రాన్ని కుదిపేసి, 1995 జనవరిలో మద్యనిషేధం దాకా తీసుకెళ్లింది. 1997లో నిషేధం ఎత్తేశారు. దుకాణం మూయించడం ఒక ఎత్తు. తాగే మనిషిలో ఆ దాహాన్ని తీర్చడం మరో ఎత్తు.

ఆల్కలీ లేక్ ఆ రెండో ఎత్తుకు కూడా సిద్ధపడింది. అక్కడే ఈ ఊరి ప్రత్యేకత ఉంది.

తిరిగొచ్చేసరికి ఇంటికి రంగు

ఓ మనిషి కొన్ని వారాల పాటు దూరంగా ఉన్న చికిత్సా కేంద్రానికి వెళ్లాడనుకోండి. అక్కడ బాగానే ఉంటాడు. తిరిగొచ్చాక అదే ఇల్లు, అవే అప్పులు, అవే తగాదాలు, సాయంత్రమైతే అదే ఖాళీ. నెల తిరక్కుండా మళ్లీ సీసా పడతాడు. ఇది ఏ దేశంలోనైనా జరిగేదే. మన వీధిలోనూ జరిగేదే.

ఆల్కలీ లేక్ వాసులు ఈ కిటుకు కనిపెట్టారు. ఎవరైనా చికిత్సకు బయల్దేరితే, వాళ్ల పిల్లల్ని ఊరు చూసుకునేది. మనిషి లేని ఆ కొన్ని వారాల్లో ఇంటిని బాగు చేసి రంగులు వేసేవారు. తిరిగొచ్చేసరికి ఓ పని సిద్ధంగా ఉంచేవారు. బాగుపడి వచ్చినవాడు ఈసారి చికిత్సకు వెళ్లే ఇంకొకరి ఇంటికి రంగు వేయడానికి వచ్చేవాడు.

ఇలా ఒక్కొక్కరే... 1980ల నడిమికి వచ్చేసరికి ఊళ్లో నూటికి 95 మందికి పైగా మద్యం మానేశారని ఆ సమాజం లెక్క తేల్చింది. 1985లో వాళ్లు ఏర్పాటు చేసిన సదస్సుకు వెయ్యి మందికి పైగా తరలివచ్చారు. ఆ మరుసటి ఏడాది ఫిల్ లూకస్ ‘ద ఆనర్ ఆఫ్ ఆల్’ అనే చిత్రం తీశారు. అందులో నటించింది ఊరివాళ్లే. తాము తాగిన రోజుల్ని తామే తెర మీద మళ్లీ చూపించారు. ఆ చిత్రం క్యాసెట్లు ఎన్నో దేశాల ఆదివాసీ గ్రామాలకు చేరాయి.

కథ ఇక్కడితో సుఖాంతం కావాలి. కాలేదు. తాగుడు మానాకే అసలు నొప్పి బయటపడింది.

బడికి వెళ్లిన పిల్లలు

విలియమ్స్ లేక్ దగ్గర 1891 నుంచి 1981 దాకా సెయింట్ జోసెఫ్స్ మిషన్ అనే రెసిడెన్షియల్ స్కూలు నడిచింది. పేరు చూసి మన గురుకులాల్లాంటిది అనుకుంటే పొరపాటు. ఆదివాసీ పిల్లల్లో ఆదివాసీతనం లేకుండా చేయడమే కెనడా ప్రభుత్వం, చర్చిలు కలిసి నడిపిన ఆ బడుల ఉద్దేశం. ఐదారేళ్ల పిల్లల్ని కూడా తల్లిదండ్రుల నుంచి వేరుచేసి తీసుకెళ్లేవారు. సొంత భాష మాట్లాడితే దెబ్బలు. పేగుబంధాన్ని తెంచేసి, ఏడాదిలో ఎక్కువ కాలం బడిలోనే ఉంచేవారు. దేశం మొత్తం మీద దాదాపు లక్షన్నర మంది పిల్లలు అలాంటి బడుల్లో పెరిగారు.

1902 ఫిబ్రవరిలో ఆ బడి నుంచి కొందరు పిల్లలు పారిపోయారు. వాళ్లలో ఆల్కలీ లేక్‌కు చెందిన ఎనిమిదేళ్ల డంకన్ స్టిక్స్ ఒకడు. ఇల్లు చేరలేదు. చలికి తట్టుకోలేక దారిలోనే ప్రాణం విడిచాడు.

అలాంటి బడిలో పెరిగిన పిల్లలు పెద్దవాళ్లయ్యారు, పెళ్లిళ్లు చేసుకున్నారు, తల్లిదండ్రులయ్యారు. కానీ బిడ్డను ఒళ్లోకి తీసుకుని లాలించడం వాళ్లెక్కడ చూశారని? చూసిందల్లా బెత్తమే. పైగా ఎవరికీ చెప్పుకోలేని సంగతులు ఎన్నో. పిల్లల మీద లైంగిక అత్యాచారాలు కూడా ఆ బడిలో జరిగాయి. ఫిలిస్, ఆండీ ఇద్దరూ అక్కడ చదివినవాళ్లే. సీసా ఎత్తితే కాసేపు ఏదీ గుర్తుకు రాదు. ఆ మరుపు కోసమే ఊరు తాగింది.

1902లో ఓ పిల్లాడు ఇంటికి చేరాలని ప్రాణం పోగొట్టుకున్నాడు. 70 ఏళ్ల తర్వాత అదే ఊళ్లో ఓ పాప ఇంటికి రానంది. ఈ రెండింటి మధ్య జరిగిందే ఆల్కలీ లేక్ జబ్బు. సారా ఆ జబ్బుకు వాళ్లు తమకు తామే వేసుకున్న మందు. మందే విషమైంది.

చీకట్లో విప్పిన నోరు

మత్తు దిగాక పాత జ్ఞాపకాలు తోసుకొచ్చాయి. వాటిని మోయలేక మళ్లీ సీసా వైపు చూసినవాళ్లున్నారు. మానిపించడంతో పని అయిపోలేదని ఊరికి అప్పుడు అర్థమైంది. అందుకే కౌన్సెలింగ్‌తోపాటు, ఆ బడి ఏయే వాటిని లాక్కుందో వాటిని ఒక్కొక్కటిగా తిరిగి తెచ్చుకునే పని పెట్టుకున్నారు.

అందులో ఒకటి చెమట గుడిసె. సన్నటి కొమ్మల్ని వంచి బోర్లించిన బుట్టలా కట్టి, పైన దుప్పట్లు కప్పుతారు. లోపల గుంటలో ఎర్రగా కాల్చిన రాళ్లు పెట్టి నీళ్లు చల్లుతారు. ఆవిరి, వేడి, చిమ్మచీకటి. గుండ్రంగా కూర్చుని ప్రార్థనలు చేస్తారు, పాటలు పాడతారు, వంతులవారీగా మనసులోది చెప్పుకుంటారు. డాక్టరు బల్లకు ఎదురుగా కూర్చుంటే పెగలని నోరు, ముఖాలు కనిపించని ఆ చీకట్లో విప్పుకుంటుంది. మిషన్ బడి అనాగరికమని వెలివేసిన ఆచారమిది. అదే ఇప్పుడు మందైంది. డప్పు పాటలు, సామూహిక నృత్యాలు తిరిగొచ్చాయి. ఊరి బడిలో సొంత భాష పాఠం మొదలైంది. ఏ భాష మాట్లాడినందుకు తాతలు దెబ్బలు తిన్నారో, ఆ భాషలోనే మనవలు అంకెలు నేర్చుకున్నారు.

మత్తు దిగిన మనుషులు కోర్టుకూ వెళ్లారు. 1980ల చివరి నుంచి మిషన్ బడిలో జరిగిన అత్యాచారాల కేసులు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. 1960లలో ఆ బడికి ప్రిన్సిపాల్‌గా చేసి, తర్వాత బిషప్ స్థాయికి ఎదిగిన వ్యక్తి మీదా కేసు నడిచింది. ఏళ్ల తరబడి సాగిన ఆ వ్యాజ్యం చివరికి 1998లో ఆల్కలీ లేక్‌కే వచ్చింది. ఆదివాసీ పద్ధతిలో అందరూ వలయంగా కూర్చున్నారు. బాధితుల మాటలు ఆయన వినాల్సి వచ్చింది. క్షమాపణ చెప్పారు. అది చాలదన్నవాళ్లు ఉన్నారు, గుండె బరువు దిగిందన్నవాళ్లూ ఉన్నారు. ఒకప్పుడు ‘ఆల్కహాల్ లేక్’ అని నవ్వించుకున్న ఊరు, తన గాయానికి కారణమైనవాళ్లను తన గడప దగ్గరికి రప్పించి మాట్లాడించింది.

పంజరం ఖాళీగా ఉంటే...

ఆల్కలీ లేక్ జనం అనుభవంతో నేర్చుకున్నదాన్నే శాస్త్రవేత్తలు వేరే దారిలో తాకారు. 1970ల చివర్లో ఇదే ప్రావిన్సులోని సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీలో బ్రూస్ అలెగ్జాండర్ బృందం ఎలుకల మీద ఓ ప్రయోగం చేసింది. ఒంటరిగా ఇరుకు పంజరంలో ఉన్న ఎలుకలకు మార్ఫిన్ కలిపిన తియ్యటి నీళ్లూ, మామూలు నీళ్లూ పెట్టారు. మరికొన్నిటిని పంజరానికి 200 రెట్లు పెద్దదైన చోట, తోటి ఎలుకలతో, ఆడుకునే వస్తువులతో ఉంచి అవే నీళ్లు పెట్టారు. ఒంటరి ఎలుకలు మార్ఫిన్‌కు మరిగాయి. కలిసి బతికినవి చాలా తక్కువగా ముట్టాయి. ‘ర్యాట్ పార్క్’గా పేరుపడిన ఈ ప్రయోగాన్ని తర్వాత తిరిగి చేసినవారికి అన్నిసార్లూ అవే ఫలితాలు రాలేదు. కానీ ‘మత్తుమందులోనే అంతా ఉందా, మనిషి బతుకులో ఏమీ లేదా?’ అన్న ప్రశ్న మాత్రం నిలిచిపోయింది.

1998లో ప్రచురితమైన అధ్యయనం కోసం అమెరికాలో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా బృందం తొమ్మిదిన్నర వేల మందిని వాళ్ల బాల్యం గురించి అడిగింది. కొట్టారా, అవమానించారా, ఇంట్లో తాగుబోతులున్నారా, అమ్మ దెబ్బలు తినడం చూశారా... ఇలాంటి ఏడు రకాల చేదు అనుభవాల్లో నాలుగూ అంతకు మించి ఉన్నవాళ్లకు, ఏవీ లేనివాళ్లతో పోలిస్తే తాగుడు, మాదకద్రవ్యాలు, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం లాంటి ముప్పులు 4 నుంచి 12 రెట్లు ఎక్కువని తేలింది.

అలాగని చిన్నతనంలో కష్టపడ్డ ప్రతివాళ్లూ తాగుబోతులు కారు. తాగేవాళ్లందరి వెనకా అలాంటి గతమే ఉండాలనీ లేదు. వంశపారంపర్యం ఉంటుంది, స్నేహాలుంటాయి, ఇంటి పక్కనే దుకాణం ఉంటుంది. వైద్యుడి అవసరం కూడా ఎక్కడికీ పోదు. ఏళ్ల తరబడి విపరీతంగా తాగినవాళ్లు ఒక్కసారిగా మానేస్తే మూర్ఛలు, మతిభ్రమ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే మొదటి మెట్టు ఆసుపత్రి పర్యవేక్షణలోనే ఎక్కాలి. అయితే మొదటి మెట్టే మేడ కాదు. ‘ఎందుకు మానవు?’ అని అడిగిన నోటితోనే ‘ఎందుకు తాగుతున్నావు?’ అనీ అడగాలన్నది లోతైన చికిత్స చేసే నిపుణులంతా చెప్పే మాట.

చౌడు పోవాలంటే

ఇప్పుడు ఆల్కలీ లేక్‌లో ఎవరూ తాగడం లేదా? తాగుతున్నారు. ఆ 95 శాతం అలాగే నిలవలేదు. కొత్త తరం వచ్చింది, కొత్త మత్తులూ వచ్చాయి. మాదకద్రవ్యాల మరణాలు పెరిగిపోయి బ్రిటిష్ కొలంబియా 2016లో ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించింది. ఆ ఉప్పెన ఆదివాసీ గ్రామాలను ఎక్కువగా తాకింది.

గాయం కూడా పూర్తిగా మానలేదు. 2022 జనవరిలో పాత మిషన్ బడి ఆవరణలో రాడార్‌తో గాలించినప్పుడు 93 చోట్ల సమాధులు ఉండొచ్చన్న గుర్తులు కనిపించాయి. మరుసటి ఏడాది మరో 66. ఆ బడి కథతో 2024లో వచ్చిన ‘షుగర్‌కేన్’ డాక్యుమెంటరీ ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. ఏటా సెప్టెంబరు 30న కెనడా అంతటా నారింజ రంగు చొక్కాలు వేసుకుని ఆ పిల్లల్ని తలుచుకుంటారు. ఆ ఆనవాయితీ మొదలైందీ విలియమ్స్ లేక్‌లోనే, 2013లో. అదే బడిలో చేరిన మొదటి రోజున, అమ్మమ్మ కొనిపెట్టిన నారింజ చొక్కాను పోగొట్టుకున్న ఆరేళ్ల పాప అనుభవం నుంచి పుట్టిందది.

కానీ ఒక తేడా ఉంది. 1972లో ఆ ఊళ్లో మానాలనుకున్నవాడికి తోడు లేదు. ఇప్పుడు మానాలనుకున్నవాడికి ముందు నడిచినవాళ్లు అమ్మమ్మల, తాతల రూపంలో ఇంటింటా ఉన్నారు. ఒకప్పుడు చికిత్స కోసం మనుషుల్ని దూరాలకు పంపిన ఊరు, తర్వాత తన దగ్గరే చికిత్సా కేంద్రం పెట్టుకుంది.

చెరువు పైన తెల్లటి మచ్చ అలాగే ఉంది. చౌడు సంగతి మన రైతులకు కొత్తగా చెప్పాలా? చౌడు నేలలో ఎంత మంచి విత్తనం వేసినా మొలక మాడిపోతుంది. విత్తనాన్ని తిట్టి లాభం లేదు. జిప్సం చల్లాలి, నీళ్లు పెట్టి తీసేయాలి, జీలుగ వేసి కలియదున్నాలి. అదీ ఒక్క ఏడాదితో అయ్యే పని కాదు. ఇరుగుపొరుగు పొలాలవాళ్లు కూడా కలిసొచ్చి మురుగుకాల్వ తవ్వితేనే ఫలితం ఉంటుంది.

చికిత్స చేయించుకున్న మనిషి రేపు బస్సు దిగుతాడు. సంచి భుజాన వేసుకుని వీధి మలుపు తిరుగుతాడు. ఈసారైనా నిలబడతాడా అని ఇంట్లోవాళ్లు గుండెలు చిక్కబట్టుకుని చూస్తుంటారు. ఆల్కలీ లేక్‌లో అయితే ఆ సమయానికి ఇరుగుపొరుగు వాళ్లు ఇంటి గోడకు ఆఖరి పూత పూస్తూ ఉండేవారు.